ఆ రోజు ఎందుకు రాలేదు?

ఉదయం పదింబావు. కృష్ణా డెల్టాలోని ఒక పాత తాలూకా కేంద్రం. బోర్డు మీద జూనియర్ సివిల్ జడ్జి కోర్టు అని ఉన్నా, ఊళ్లో ఇప్పటికీ మున్సిఫ్ కోర్టనే అంటారు. రాత్రి కూకట్‌పల్లిలో బస్సెక్కి తెల్లారి దిగారు మీరు. బస్టాండులో ముఖం కడుక్కుని, కాఫీ తాగి, వచ్చి వరండాలో నిలబడ్డారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో జూన్ 10న అందిన ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) నోటీసు.

నోటీసు సారాంశం మీకు కంఠతా వచ్చేసింది. మీ మీద డిక్రీ అయింది, మీరు సొమ్ము కట్టలేదు, వసూలు కోసం వాది పిటిషన్ వేశాడు, ఫలానా తేదీన హాజరు కండి. అసలు దావా పడిన సంగతే మీకు తెలియదు. ఎరువుల కొట్టు షావుకారుకు ఆరేళ్ల కిందట రాసిన రెండు లక్షల నోటు గుర్తుంది. రెండు పంటలు ధాన్యం తోలి చాలావరకు తీర్చిన సంగతీ గుర్తుంది. ఆ జమలు నోటు వెనక రాయించుకోలేదన్న సంగతి మాత్రం నోటీసు చూశాకే గుర్తొచ్చింది. తర్వాత వ్యవసాయం వదిలి, కుటుంబంతో హైదరాబాద్ వెళ్లి మోటారు వైండింగ్ పనిలో కుదురుకున్నారు. అది జరిగి నాలుగేళ్లు.

లాయరును పెట్టుకునే స్తోమత ఈ నెల లేదు. లాయరు లేకుండా వస్తే లోపలికి రానిస్తారా అన్నది మీ మొదటి భయం. రానిస్తారు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 3 రూల్ 1 ప్రకారం పార్టీ స్వయంగా హాజరు కావచ్చు, గుర్తింపు ఉన్న ఏజెంటు ద్వారా కావచ్చు, న్యాయవాది ద్వారా కావచ్చు. మూడింటిలో మొదటిది మీకు హక్కు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ బదులు బావమరిదిని పంపి వాదించమంటే మాత్రం కుదరదు. న్యాయవాది కాని మనిషి ఇంకొకరి తరఫున వాదించాలంటే 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం సెక్షన్ 32 కింద కోర్టు ఒప్పుకోవాలి.

లోపల కాల్ వర్క్ మొదలైంది. అటెండరు గుమ్మంలో నిలబడి పేర్లు పిలుస్తున్నాడు. మీ పేరు ఈ రోజు జాబితాలో లేదు. అయినా ఆ పిలుపు విన్నప్పుడల్లా మీ గుండె ఒక్కసారి ఆగుతోంది. ఎప్పుడో ఒక రోజు ఇదే గుమ్మంలోంచి మీ పేరు పిలిచారు. మీరు లేరు. ఆ రోజు ఏం జరిగిందో తెలుసుకోవడమే ఇవాళ్టి మొదటి పని.

ఫోన్‌లో ఈ-కోర్ట్స్ యాప్ తెరుస్తారు. నోటీసు మీద ఓఎస్ నంబరు, అంటే అసలు దావా నంబరు, ఉంది. దాన్ని కొడితే 16 అక్షరాంకెల సీఎన్ఆర్ నంబరు వచ్చింది. ఇకమీదట ఈ కేసు వాయిదాలను ఆ నంబరుతోనే పట్టుకోవచ్చు. వాయిదాల జాబితా కిందికి జరుపుతూ పోతే మీ కథ మీకే కనిపిస్తుంది. సమన్లు. మళ్లీ సమన్లు. తర్వాత ఓ ఐఏ, అంటే మధ్యంతర పిటిషన్. తర్వాత ఎక్స్‌పార్టీ. తర్వాత సాక్ష్యం. తర్వాత తీర్పు. ఆ ‘తర్వాత’ల మధ్య ఏముందో యాప్ చెప్పదు. దానికి కేసు కట్ట చూడాలి.

జడ్జిమెంటు, డిక్రీ, సమన్ల తాలూకు కాగితాలు, డాకెట్ షీటు, వీటి సర్టిఫైడ్ కాపీలకు అర్జీ పెడతారు. స్టాంపులు అంటించి ఇస్తే గుమస్తా తేదీ చెబుతాడు. “కాపీలు వచ్చేదాకా గడువు ఆగుతుందా సార్?” అని అడుగుతారు. ఆయన తల ఎత్తడు. “అప్పీలుకైతే ఆ రోజులు తీసేస్తారండీ. మీదేం పిటిషన్?” అప్పీలుకున్న ఆ వెసులుబాటు మీరు వేయబోయే పిటిషన్‌కు లిమిటేషన్ చట్టం ఇవ్వలేదు. గడియారం తిరుగుతూనే ఉంది.

కాపీలు చేతికొచ్చిన రోజు వరండా బెంచీ మీద కూర్చుని డాకెట్ షీటు చదువుతారు. అందులో మీరు లేని రోజులన్నీ వరసగా ఉన్నాయి. మొదటి సమను తిరిగొచ్చింది: ఇల్లు తాళం వేసి ఉంది, ఊరు విడిచి వెళ్లారని ఇరుగుపొరుగు చెప్పారు. రెండోదీ అంతే. ప్రతివాది మామూలు పద్ధతిలో దొరకడం లేదని వాది పిటిషన్ వేశాడు. ఆర్డర్ 5 రూల్ 20 కింద కోర్టు పత్రికా ప్రకటనకు అనుమతించింది. మీరు చివరిగా కాపురమున్న ప్రాంతంలో తిరిగే దినపత్రికలో ప్రకటన పడింది. ఆ పత్రిక కూకట్‌పల్లిలో మీ ఇంటికి రాదు. వాయిదా నాడు మూడుసార్లు పిలిచారు, గైరుహాజరు, ఎక్స్‌పార్టీ. వాది ప్రమాణపత్రం ఇచ్చాడు, నోటు ఎగ్జిబిట్‌గా గుర్తించారు, దావా డిక్రీ అయింది. ఇది జరిగి రెండేళ్లు.

మీకు ఒళ్లు మండుతుంది. ధాన్యం తోలిన ట్రాక్టరు, కాటా చీటీలు, షావుకారు కొట్లో నిలబడి విన్న మాటలు, అన్నీ గొంతులోకి వచ్చేస్తాయి. ఇదంతా ఒక తెల్లకాగితం మీద రాసి జడ్జిగారికి పోస్టు చేస్తే? లేదా మధ్యాహ్నం ఛాంబరు దగ్గర నిలబడి చెప్పుకుంటే?

రెండూ చేయకండి. ఎదుటివాడికి తెలియకుండా జడ్జికి ఒక్క మాట చేరకూడదన్నది సివిల్ కోర్టు పునాది. రేపు షావుకారు అదే పని చేస్తే మీకెలా ఉంటుంది? ఏం అడగాలన్నా పిటిషన్‌గా అడగాలి. దాని కాపీ ప్రత్యర్థికి అందాలి.

కోర్టు గేటు ఎదురుగా వరసగా డీటీపీ కొట్లు. ఒకదానిలో అరవై దాటిన టైపిస్టు మాస్టారు. టైపు మిషన్ల కాలం నుంచీ పిటిషన్లు కొడుతున్న చెయ్యి. “చెప్పండి బాబూ” అంటాడు. మీరు మొదలుపెడతారు: నోటు, ఎరువులు, ధాన్యం, కాటా. పది నిమిషాలు విని, ఒకటే అడుగుతాడు.

“అదంతా సరే. ఆ రోజు ఎందుకు రాలేదు?”

మీరు ఆగిపోతారు. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న అది. నోటు బాకీ ఉందా లేదా అన్నది దావాలో తేలాల్సిన విషయం. ఇప్పుడు మీరు అడుగుతున్నది ఆ దావా తలుపు మళ్లీ తెరవమని. ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దుకు ఆర్డర్ 9 రూల్ 13 రెండే దార్లు చూపిస్తుంది: సమన్లు సక్రమంగా అందలేదని గానీ, పిలిచిన రోజు రాలేకపోవడానికి తగిన కారణం ఉందని గానీ కోర్టును ఒప్పించాలి. ఎంత ధాన్యం తోలారన్నది ఆ రెండింటిలో దేనికీ జవాబు కాదు. లాయరు లేకుండా వచ్చినవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. జరిగిన అన్యాయమంతా ఒక్క పిటిషన్‌లో పోస్తారు, కోర్టు అడిగే ఒక్క ముక్క మాత్రం అందులో ఎక్కడో మునిగిపోతుంది. ఎదురు వాదన ఉందని తెలియడానికి జమల సంగతి ఒక పేరాలో చెప్పి వదిలేయాలి. మిగతా పేరాలన్నీ మీరు ఎక్కడున్నారు, ఎందుకు తెలియలేదు, ఎప్పుడు తెలిసింది అన్న వాటికే.

తర్వాత రోజుల లెక్క. లిమిటేషన్ చట్టం, 1963. ఆర్టికల్ 123. ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దు పిటిషన్‌కు గడువు 30 రోజులు. ఎప్పటినుంచి? డిక్రీ తేదీ నుంచి. మీ డిక్రీకి రెండేళ్లు నిండాయి. కాళ్ల కింద నేల కదిలినట్టవుతుంది. మాస్టారు పుస్తకం మీ వైపు తిప్పి, గోటితో కింది వరస చూపిస్తాడు. సమన్లు సక్రమంగా అందకపోతే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు. దాని కింద ఇంకో చిన్న వివరణ: ఆర్డర్ 5 రూల్ 20 కింద చేసిన ప్రత్యామ్నాయ సర్వీసును ఈ ఆర్టికల్ అవసరానికి సక్రమ సర్వీసుగా లెక్కించకూడదు. పేపర్ ప్రకటన మీద నడిచిన కేసులో ఈ ఒక్క వాక్యమే మీ ఊపిరి.

జూన్ 10న తెలిసింది. తెలిసిన రోజును లెక్కలోంచి తీసేస్తారు. జూన్‌లో 11 నుంచి 20 రోజులు, జూలైలో 10. అంటే జూలై 10 ఆఖరు. ఆ రోజు కోర్టుకు సెలవైతే, తెరిచిన రోజు వేయవచ్చు. కానీ అంతదాకా లాగే ధైర్యం చేయకండి.

సమను మీ చేతికే వచ్చి ఉంటే లెక్క వేరేగా ఉండేది. అప్పుడు లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యం మన్నించమని విడిగా ఒక పిటిషన్ పడాలి. అది తేలేదాకా రద్దు పిటిషన్‌కు నంబరు కూడా పడదు, ఎస్ఆర్ దశలోనే పక్కన ఉంటుంది. ఆలస్యానికి కారణాలను మరీ గింజలు ఏరినట్టు చూడొద్దని 1987లో కాతిజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని కారణమే చెప్పకపోతే ఏ కోర్టూ మన్నించదు.

“ఎన్ని పిటిషన్లు కొట్టమంటారు?” అంటాడు మాస్టారు. ఒకటి చాలదా అంటారు మీరు. చాలదు. ఒక్కో కోరికకు ఒక్కో పిటిషన్ అన్నది మన కోర్టుల సివిల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్. డిక్రీ రద్దు ఒకటి. అది తేలేవరకు ఈపీ నిలుపుదల రెండోది. రద్దు పిటిషన్ వేసినంత మాత్రాన వసూలు దానంతటది ఆగదు. మీరు ఇక్కడ పిటిషన్ వేసి నిశ్చింతగా వెళ్లిపోతే, అక్కడ ఈపీలో జప్తు ఉత్తర్వు రావచ్చు. అందుకే ఈపీ వాయిదాకూ వెళ్లాలి, పిటిషన్ పడిందని అక్కడా చెప్పాలి.

ఒక్కో పిటిషన్‌కు రెండు భాగాలు. పిటిషన్‌లో కోర్టు పేరు, ఐఏ నంబరుకు ఖాళీ, ఓఎస్ నంబరు, పిటిషనరుగా మీ పేరు, రెస్పాండెంటుగా షావుకారు పేరు, ఏ ఆర్డర్ ఏ రూల్ కింద అన్న వరస, చివర మీరు కోరేది ఒకే వాక్యంలో. కథంతా అఫిడవిట్‌లో. అది ‘నేను’ అని మొదలవుతుంది. పేరాలకు అంకెలుంటాయి. మీకు స్వయంగా తెలిసినవే రాయాలి. ఇలాంటి మధ్యంతర పిటిషన్లలో విన్న సంగతి రాయడానికి ఆర్డర్ 19 రూల్ 3 ఒప్పుకుంటుంది గానీ, ఎందుకు నమ్ముతున్నారో కూడా రాయాలి.

మాస్టారు కొడుతున్నాడు, మీరు చెబుతున్నారు. “షావుకారు కావాలనే పాత అడ్రసు ఇచ్చి కోర్టును మోసం చేశాడు” అంటారు. వేళ్లు ఆగుతాయి. “ఆయనకు మీ కొత్త అడ్రసు తెలుసనడానికి మీ దగ్గర కాగితం ఉందా?” లేదు. అయితే ఆ వాక్యం వద్దు. అఫిడవిట్ ప్రమాణం మీద ఇచ్చే మాట. అబద్ధమైతే నేరం. నిరూపించలేని మాట రాస్తే ఎదుటి లాయరుకు పట్టు ఇచ్చినట్టే. దాని బదులు ఇలా రాయిస్తాడు: దావా వేసిన తేదీకి ముందే నేను కుటుంబంతో హైదరాబాద్‌లో స్థిరపడ్డాను, సమన్లు తిరిగొచ్చిన కాగితాల్లోనే నేను ఊరు విడిచినట్టు ఉంది. రెండో ముక్క కోర్టు సొంత రికార్డు. దాన్ని కాదనడం ఎవరి తరం?

ఆధారాలు ఒక్కొక్కటీ తీస్తారు. అద్దె ఒప్పందం, అడ్రసు మారిన ఆధార్, పిల్లాడి స్కూలు సర్టిఫికెట్, గ్యాస్ బుక్కు. నాలుగింటిలో తేదీలు చూసి, దావా వేసిన తేదీకన్నా ముందువి పైన పెట్టమంటాడు మాస్టారు. తర్వాత వచ్చిన గ్యాస్ బుక్కు పక్కకు పోతుంది. ఈపీ నోటీసు అందిన తేదీ కనిపించే కాగితం తప్పనిసరి. మీ 30 రోజుల లెక్కంతా దాని మీదే నిలబడింది.

ఇంగ్లీషు రాదన్న బెంగ కూడా ఒకటి మిగిలింది. కోడ్ సెక్షన్ 137 ప్రకారం కింది కోర్టుల్లో రాతపూర్వక వ్యవహారం ఇంగ్లీషులో నడవవచ్చు. పార్టీకి ఇంగ్లీషు రాకపోతే, అడిగితే కోర్టు భాషలో అనువాదం ఇవ్వాలి. రేపు షావుకారు తరఫు కౌంటరు ఇంగ్లీషులో వస్తే, తలూపి ఊరుకోకుండా ఆ సెక్షన్ గుర్తుచేసుకోండి.

ప్రింట్లు తీశాక ప్రతి పుట కింద సంతకం. ఒక అంకె తప్పు పడితే పెన్నుతో దిద్దుతారు, ఆ దిద్దుబాటు పక్కన పొట్టి సంతకం. అఫిడవిట్ చివరి సంతకం మాత్రం ఇప్పుడే చేయకూడదు. నోటరీ ముందో, ప్రమాణం చేయించే అధికారం ఉన్న కోర్టు అధికారి ముందో చేయాలి. కోర్టు ఫీజు స్టాంపు పిటిషన్ మీద అంటిస్తారు. వకాలతు లేదు కాబట్టి దాని మీద అంటించే స్టాంపులూ లేవు. కోర్టుకు ఒక సెట్టు, ప్రత్యర్థికి ఒక సెట్టు, మీ దగ్గర ఒకటి.

ఫైలింగ్ సెక్షన్ కిటికీ. మీ ముందు ఇద్దరు లాయరు గుమస్తాలు చనువుగా నవ్వుతూ కట్టలు ఇచ్చి వెళ్లిపోయారు. మీ వంతు. “వకాలతు ఏదండీ?” “లేదు మేడమ్. పార్టీ ఇన్ పర్సన్.” ఆమె మిమ్మల్ని ఒకసారి పైకీ కిందికీ చూసి, కాగితాలు అందుకుని, దాఖలు తేదీ ముద్ర వేస్తుంది. ఆ ముద్ర పడిన మీ కాపీని జాగ్రత్తగా దాచుకోండి. గడువులోపల వచ్చారనడానికి అదే సాక్ష్యం.

రెండు రోజుల తర్వాత రద్దు పిటిషన్ తిరిగి మీ చేతికొస్తుంది. వెనకవైపు ఎర్ర సిరాతో రిటర్న్. ఒకటి: డిక్రీ రెండేళ్ల నాటిది, పిటిషన్ ఎలా గడువులో ఉంది? రెండు: ఆధారాలకు జాబితా జతచేయలేదు. మూడు: నాలుగో పేరాలో దిద్దుబాటుకు సంతకం లేదు. ఏడు రోజుల్లో సరిచేసి మళ్లీ దాఖలు చేయాలి.

కొట్టేశారనుకుని సగం మంది ఇక్కడే ఇంటికెళ్లిపోతారు. రిటర్న్ అంటే కొట్టివేత కాదు. జడ్జిగారు ఇంకా మీ కాగితం చూడనే లేదు. ఇది ఆఫీసు పరిశీలన, పెద్ద పెద్ద లాయర్ల పిటిషన్లకూ రోజూ పడుతుంది. సమాధానం కోపంగా కాకుండా అంకెల వారీగా, అదే కాగితం మీద రాయాలి. ఒకటి: సర్వీసు ఆర్డర్ 5 రూల్ 20 కింద జరిగింది, ఆర్టికల్ 123 వివరణ ప్రకారం గడువు తెలిసిన తేదీ నుంచి, తెలిసినది జూన్ 10న, కాబట్టి గడువులోనే ఉంది. రెండు: జాబితా జతచేశాను. మూడు: సంతకం చేశాను. కింద మీ సంతకం, తేదీ. ఇచ్చిన ఏడు రోజులు దాటిపోతే ఆ ఆలస్యాన్ని మన్నించమని మళ్లీ ఇంకో పిటిషన్ వేయాల్సి వస్తుంది. మీరు మూడో రోజే ఇచ్చేశారు. నంబరు పడింది.

మొదటి పిలుపు. “పిటిషనర్ ఇన్ పర్సన్” అన్న మాట వినగానే లేచి, లాయర్ల కుర్చీల పక్కనుంచి బెంచ్ క్లర్కు బల్ల దగ్గరికి వెళ్లి నమస్కారం పెడతారు. జడ్జి మేడమ్ కాగితాలు తిరగేస్తూ, “రెస్పాండెంటుకు నోటీసు” అంటారు. అంతే, అర నిమిషం. మీకు నిరాశ. కానీ ప్రత్యర్థికి నోటీసు ఇవ్వకుండా డిక్రీ రద్దు చేయడానికి వీల్లేదని ఆర్డర్ 9 రూల్ 14 కట్టడి చేసింది. మీకు తెలియకుండా తీర్పు వచ్చిందని మీరు ఫిర్యాదు చేస్తున్నారు కదా, ఆ పరిస్థితి షావుకారుకు రాకూడదనే ఈ కట్టడి. నోటీసు పంపే ఖర్చు (బాటా) కట్టి, కవర్లు ఇచ్చి, వాయిదా తేదీ రాసుకుని బయటికొస్తారు. నిలుపుదల పిటిషన్‌ను కూడా అదే తేదీకి వేశారు.

లాయరు ఉన్నవాడు వాయిదాకు రాకపోయినా లాయరు లేచి నిలబడతాడు. మీకు మీరే లాయరు. ఒక్క వాయిదా తప్పినా ఈ పిటిషన్ కూడా గైరుహాజరు కింద పోతుంది. అప్పుడు దాన్ని బతికించడానికి మరో పిటిషన్. కూకట్‌పల్లి బస్సు టిక్కెట్లు ఖర్చులో కలుపుకోవాల్సిందే.

తర్వాతి వాయిదాలో షావుకారు లాయరు కౌంటరు వేసి మీకో కాపీ ఇచ్చాడు. వరండాలో కూర్చుని చదువుతారు. పిటిషనరుకు దావా సంగతి తెలుసు, అతని అన్న ఊళ్లోనే ఉన్నాడు, పేపర్ ప్రకటన ఊరంతా చదివింది, కావాలనే తప్పించుకు తిరిగాడు. అన్నతో మీకు మూడేళ్లుగా మాటల్లేవని అక్కడే అరవాలనిపిస్తుంది. ఆగి, ఈ కౌంటరు ఎక్కడ గురిపెట్టిందో చూడండి. ఆర్డర్ 9 రూల్ 13కు ఒక షరతు ఉంది: సర్వీసులో చిన్న లోపం ఉన్నా, ప్రతివాదికి విచారణ తేదీ ముందే తెలిసి, వచ్చి జవాబు చెప్పుకునేంత వ్యవధి ఉంటే డిక్రీని కదపకూడదు. లాయరు గురి ఆ షరతు మీదే. మీ జవాబూ అక్కడే ఉండాలి.

వాదనల రోజు. మధ్యాహ్నం మూడున్నర, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. మేడమ్ మీ వైపు చూసి, “చెప్పండి” అన్నారు. రాసుకొచ్చిన అరపేజీ తీస్తారు. అందులో నాలుగు ముక్కలే ఉన్నాయి.

“మేడమ్, దావా వేసే నాటికి నేను ఊళ్లో లేను. అద్దె ఒప్పందం, ఆధార్ కాపీ ఉన్నాయి. నేను ఊరు విడిచినట్టు సమన్ల రిటర్న్‌లో ప్రాసెస్ సర్వరే రాశారు. పేపర్ ప్రకటన తప్ప నాకు ఇంకే సర్వీసూ జరగలేదు. డిక్రీ సంగతి ఈపీ నోటీసుతో జూన్ 10న తెలిసింది, 30 రోజుల లోపలే పిటిషన్ వేశాను.”

లాయరు లేస్తాడు. అన్న ఊళ్లోనే ఉన్నాడు కదా, చెప్పకుండా ఉంటాడా అంటాడు. మీరు మధ్యలో అందుకోబోతే మేడమ్ చెయ్యెత్తి ఆపుతారు. ఆయన ముగించేదాకా నిలబడి, మీ వంతు వచ్చాక ఆయనతో కాదు, జడ్జితో మాట్లాడాలి. “అన్నకు ఆ తేదీ తెలుసని గానీ, నాకు చెప్పాడని గానీ వాళ్లు ఏ కాగితమూ వేయలేదు మేడమ్. అన్నతో అఫిడవిట్ కూడా వేయించలేదు.” మేడమ్ కౌంటరు ఒకసారి తిరగేసి, లాయరు వైపు చూశారు. ఆయన ఇంకేదో కలిపాడు. ధాన్యం సంగతి మీ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశారు. ఈ ఇరవై నిమిషాల్లో మీరు చేసిన మంచి పని అది.

అఫిడవిట్ ఇచ్చిన మనిషిని క్రాస్ ఎగ్జామినేషన్‌కు రమ్మని ఆర్డర్ 19 రూల్ 2 కింద కోర్టు పిలవవచ్చు. ఈసారి ఆ అవసరం రాలేదు. ఉత్తర్వులకు వాయిదా.

ఆ రోజు మేడమ్ రెండు వాక్యాల్లో చెప్పేశారు. పిటిషన్ అనుమతించారు, వాదికి ఖర్చుల కింద కొంత సొమ్ము వాయిదాలోపు చెల్లించాలి, చెల్లించకపోతే పిటిషన్ కొట్టివేసినట్టే. మీ తప్పు లేకపోయినా ఖర్చులెందుకని మీకనిపిస్తుంది. షావుకారు రెండేళ్ల కిందటే గెలిచిన కేసును మొదటినుంచి నడపాలి కదా. ఖర్చులు గానీ, సొమ్ములో కొంత కోర్టులో జమ చేయమని గానీ షరతు పెట్టే అధికారం రూల్ 13లోనే ఉంది. మీకు జమ షరతు పడలేదు, సంతోషించండి. ఇదే పిటిషన్ కొట్టేసి ఉంటే ఆర్డర్ 43 రూల్ 1 కింద పై కోర్టుకు అప్పీలు వెళ్లేది. ఖర్చులు లాయరుకు ఇచ్చి, రసీదు తీసుకుని, కట్టినట్టు మెమో వేస్తారు. గడువు తేదీ దాటి కడితే ఉత్తర్వు దానంతటదే చచ్చిపోతుంది. అందుకే ఆ మెమో మీద ముద్ర పడేదాకా కదలకండి.

అమలు చేయాల్సిన డిక్రీయే లేకపోయాక నిలుపుదల పిటిషన్‌కు పని లేదు, ఈపీకి కాళ్లు లేవు. దావా పాత నంబరుతోనే లేచి కూర్చుంది.

“రిటన్ స్టేట్‌మెంటుకు” అంటూ బెంచ్ క్లర్కు తేదీ చెబుతాడు. ఆర్డర్ 8 రూల్ 1 దానికి 30 రోజులంటుంది, కారణం చూపితే 90 దాకా సాగుతుంది. మీరు సాగనివ్వకండి. ఇన్నాళ్లూ బిగబట్టుకున్న ధాన్యం కథకు ఇప్పుడు చోటొచ్చింది. ట్రాక్టరు, కాటా చీటీలు, తేదీలు, ఏ పంటకు ఎన్ని బస్తాలు, అన్నీ రాయండి. మీ దగ్గరున్న చీటీలను దానితోపాటే దాఖలు చేయండి. తర్వాత తెస్తే కోర్టు అనుమతి అడగాలి. ఆర్డర్ 6 రూల్ 14ఏ అడిగే అడ్రసు కాగితంలో కూకట్‌పల్లి చిరునామా రాయండి, ఇల్లు మారితే ఆ వారమే కోర్టుకు చెప్పండి.

నోటు రాసిన మాట ఒప్పుకుంటే, ప్రతిఫలం ముట్టిందని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 118 ముందే అనుకుంటుంది. సొమ్ము తీర్చానని రుజువు చేసే భారం మీదే. షావుకారును బోనులో నిలబెట్టి ప్రశ్నలడగడం అరపేజీ చదివినంత తేలిక కాదు. మధ్యాహ్నం బస్సుకు టైముంది కాబట్టి కోర్టు ఆవరణలోనే ఉన్న మండల న్యాయసేవా కమిటీ గదికి వెళతారు. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 కింద స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయవాది దొరుకుతాడు. మీలాంటివాళ్లకు ఆదాయ పరిమితి ఉంది. దరఖాస్తు తీసుకుని, ఆదాయ సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఫోన్‌లో అడగాలంటే 15100.

బయటికొస్తూ దావా కాపీని మళ్లీ తెరుస్తారు. పన్నెండు పేరాలు. ప్రతి పేరాకూ విడిగా జవాబు రాయాలి: ఇది నిజం, ఇది కాదు, ఇది నాకు తెలియదు. ‘ఆరోపణలన్నీ అబద్ధం’ అని గంపగుత్తగా రాస్తే చెల్లదు. మౌనం అర్ధాంగీకారమని ఊళ్లో అంటాం. ఆర్డర్ 8 రూల్ 5 ముందు అది సగంతో ఆగదు, కాదనని ప్రతి మాటనూ ఒప్పుకున్నట్టుగా తీసుకునే వీలుంది. పెన్ను తీసి మొదటి పేరా పక్కన ‘నిజం’ అని రాస్తారు. అది మీ పేరు, తండ్రి పేరు, పాత ఊరు. రెండోది నోటు రాసిన తేదీ. అదీ నిజమే. మూడో పేరా: ప్రతివాది నేటి వరకు ఒక్క రూపాయి కూడా చెల్లించలేదు. దాని పక్కన ‘కాదు’ అని రాసి, మొదటి కాటా చీటీ తేదీ వేస్తారు.